రాత్రిబడులును పెద్దల చదువును



మన సంఘపు వార్షిక సంచికలయందు మార్కండేయ మహర్షి వంశమును గూర్చియు, భావనాఋషి చరిత్రమును గూర్చియు పెద్దలు వ్రాయుచునే యున్నారు. నాకంతటి పాండిత్యము లేదు. నేను వ్రాయబూనినది మన యిండ్లలో నిన్నమొన్నటిదాక జరిగి, నేటికిని ముగియని యొక చిన్న చరిత్ర. వయసు మీరిన పిదప అక్షరము నేర్వవచ్చిన నేతగానికి, జీతము లేక చెప్పవచ్చిన పడుచువాడు ఏ రీతిగ చెప్పెను, ఎచ్చట చెడగొట్టెను, ఎచ్చట నెగ్గెను అనునదియే నా విషయము.

మా తాతగారి కొయ్యపెట్టెలో కాగితపు మడత యొకటి యుండెడిది. వ్రాత ఉర్దూ, క్రింద నీలిసిరాతో వేలిముద్ర. అది అప్పుకాగితమని మాత్రము మా యింట నెరుగుదురు. తాతగారు దానిని చదువలేదు, మా నాయన చదువలేదు, చాలకాలము నేనును చదువలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ మడతయే కారణము. దాని సంగతి కడపట చెప్పెదను.

అమరచింత సంస్థానమునకు ఆత్మకూరు రాజధాని. కృష్ణకు ఆవల గద్వాల, ఈవల అమరచింత, వనపర్తి. ఈ మూడును నిజాము ప్రభువునకు కప్పము గట్టుచు 1949లో జాగీర్లు రద్దగువరకు నిలిచినవి. విద్యకు వీని పేరు గొప్పది. పండితులు గద్వాలను విద్వద్గద్వాల యని పిలిచిరి. తిరుపతి వేంకట కవులంతటివారు ఈ సంస్థానములకు వచ్చి సన్మానములందిరి. ఆ పండితులకు కప్పిన శాలువలును, పట్టుపంచెలును నేసినవారు ఎవరో మనకు దెలియును. నేసినవాని చేతికి మాత్రము పలక యందలేదు. ఇది రాజులపై నిందగ వ్రాయుట లేదు; నాటి లోకస్థితియే యట్టిది. 1901 జనసంఖ్య లెక్కలలో హైదరాబాదు రాజ్యమంతటను చదువ వ్రాయ నేర్చినవారు నూటికి మువ్వురు మాత్రమే. స్త్రీలలో వేయికి మువ్వురు.

వీధిబడి లేకపోలేదు. అరుగుమీద పంతులు, ఇసుకలో అక్షరములు, వెనుక బెత్తము. అచ్చటికి పోవుటకు బాలునకు పగటిపూట తీరిక వలయును. మన యిండ్లలో ఆరేండ్ల బాలునకు పగటిపూట తీరిక యుండెడిదా? కండెలు చుట్టవలయును. ఎనిమిదేండ్లు వచ్చునప్పటికి తెగిన పోగు అతుకవలయును. పండ్రెండేండ్లకు గుంటలోనికి కాళ్ళు దింపి నాడె పట్టవలయును. కావున మన వారిలో ననేకులు చదువు తలపునకు వచ్చునప్పటికి మీసములు వచ్చినవారు. చదువుకై వెదకవలసిన వయసు దాటిన పిదపనే చదువు మనవద్దకు వచ్చినది.

మరియొక చిక్కు భాషది. 1880ల నుండి నిజాము రాజ్యమున పారసీకమునకు బదులు ఉర్దూ కచేరీభాష యయ్యెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును ఉర్దూయే బోధనభాష. నేతగాడు తెలుగక్షరములు నేర్చినను తహశీలు కాగితము చదువలేడు. ఉర్దూ నేర్చినను ఇంటికి వచ్చిన రామాయణము చదువలేడు. అందుచేత వేలిముద్రయే సులభమైన సంతకముగ మిగిలినది.

ఇట్లనుటచేత మనవారు లెక్క యెరుగనివారని యెవరైన దలచిన పొరపాటు. పుంజమనగా 120 పోగులు. పదునాలుగు పుంజముల పడుగునకు 1,680 పోగులు, పదునారింటికి 1,920, పదునెనిమిదింటికి 2,160 అని మన ముసలివారు నిద్రలో లేపి యడిగినను చెప్పెదరు. ఒకనాడు కోరమండల తీరపు బట్టలను కొన్న ఇంగ్లీషు కుంపిణీవారు సైతము ముప్పదియారు పుంజముల బట్ట, అనగా 4,320 పోగుల బట్ట, అని మన లెక్కతోనే బేరమాడిరి. చీర పొడవునకు నూలెంత, అంచునకు పట్టెంత, తరుగెంత, కూలి యెంత, ఇవియన్నియు కాగితము లేని లెక్కలు. గద్వాల తీరు చీరయందు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. రెంటిని కలుపు కుప్పడపు పనిలో వరుస వరుసకు ఒడలి పేకను అంచు పేకతో లంకె వేయవలయును. ఒక్క వరుస తప్పినను అంచు విడిపోవును. జకార్డు వచ్చిన తరువాత గళ్ళకాగితముపై గుర్తులు చూచి అట్టలకు రంధ్రములు కొట్టుట యనునది యింకొక విద్య. గడి నిండియున్న నొక యర్థము, ఖాళీగ నున్న నొక యర్థము. గుర్తు చూచి అర్థము గ్రహించుట చదువు గాక మరేమి? అట్టి గుర్తులను చదివి నెమలిని, హంసను, మామిడిపిందెను బట్టపై నిలిపినవానిని నిరక్షరుడని పిలిచి, అమ్మ యనియు ఆట యనియు పిల్లల పాఠము ముందుబెట్టి కూర్చుండబెట్టితిమి. పెద్దల చదువు చెడిన తావులలో పెక్కింటికి ఇదియే కారణమని నా యభిప్రాయము. క్రింది చరిత్రయంతయు ఆ కన్నుతోనే చూచితిని.

తెలంగాణమున పెద్దలకు అక్షరము చేర్చవలెనను తలంపు గ్రంథాలయములతో మొదలైనది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1921లో ఆంధ్రజనసంఘము, 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ. సురవరమువారు మన సీమవారే. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వారి స్వగ్రామము. 1926లో వారు ప్రారంభించిన గోలకొండ పత్రికను ఒక్కరు చదువ పదిమంది వినెడివారని పెద్దలు చెప్పుకొనుట కలదు. 1935లో మహాసభ మన నేతగాండ్ర ఊరైన సిరిసిల్లయందును, మరుసటి యేట మన పాలమూరు జిల్లా షాద్‌నగరునందును గూడినది. అప్పటి చిక్కులు నేటివారికి కథలవలె తోచును. సభ జరుపుటకు సర్కారు అనుమతి. ప్రైవేటుబడి పెట్టుటకును అనుమతి. అరుగుమీద పదిమంది గూడి దీపము పెట్టుకొని చదువుకొన్నను అనుమానమే. అట్టి దినములలో ఆంధ్రమహాసభ కార్యకర్తలు పల్లెలలో పఠనాలయములును, రాత్రిబడులును నడపిరి.

తుంగభద్రకు ఆవలి గట్టున కర్నూలున 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమముతోబాటు వయోజన విద్యను తమ జీవితకార్యముగ జేసికొనిరి. గ్రంథాలయమున పుస్తకమున్న చాలదు, చదువగల పాఠకుని గూడ తయారుచేయవలయునను సంగతి ఆంధ్రదేశమున మొట్టమొదట పట్టుదలతో చెప్పినవారిలో వారొకరు.

ఇచ్చట వట్టికోట ఆళ్వారుస్వామిగారిని తలపక పోజాలను. ఆయన బడి చదువు చదివినవాడు గాడు. ఇండ్లలో వంటచేసి, హోటళ్ళలో పనిచేసి, ఆ సందున చదువు సంపాదించినాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకముల మూట తానే మోసికొని ఊరూర తిరిగి యమ్మినాడు. పెద్దవయసున కష్టపడి చదువు సంపాదించినవానికి, అది లేనివాని యాకలి తెలియును. మన సంఘమున బోధకులను ఎన్నుకొనునపుడు పట్టాల సంఖ్య జూచుచున్నాము. కష్టపడి నేర్చినవాడెవడని అడుగుట లేదు.

ఇక ఆంధ్ర సారస్వత పరిషత్తు. 1943 మే నెలలో హైదరాబాదున స్థాపితమై నేడు తెలంగాణ సారస్వత పరిషత్తను పేర నున్న ఈ సంస్థ ప్రాథమిక, ప్రవేశ, విశారద యను పరీక్షలు నెలకొల్పెను. పరీక్షలకు పోవువారికి ఊరూర ఉపాధ్యాయులును, వకీళ్ళును, చదువుకొన్న యువకులును జీతము లేక పాఠములు చెప్పిరి. ఉర్దూబడిలో చదివి ఉద్యోగమున జేరి తల్లిభాష వ్రాయలేని వయసువచ్చినవారు పగలు పనిచేసికొని రాత్రి తెలుగు నేర్చిరి. 1953 జనవరిలో పరిషత్తు సభలు మన యలంపురముననే జరిగినవి. గడియారము రామకృష్ణశర్మగారి పూనికచే జరిగిన ఆ సభలకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చిరి.

ఆ పరీక్షలు పెద్దలను ఏల యాకర్షించెను? పలుమారు ఆలోచించితిని. మెట్టు చిన్నది, ఎక్కితినని చూపుకొనుటకు పట్టా కలదు. గుమాస్తాయు, అతని యధికారియు ఒకే గదిలో పరీక్షకు గూర్చుండవచ్చును, అందు సిగ్గు లేదు. అన్నిటికంటె ముఖ్యము, నేర్చువాడు తనంతట వచ్చినవాడు. ఎవరును లెక్క నింపుటకై లాగికొని వచ్చినవాడు గాడు. కాని నిజము చెప్పవలయును. ఏదో యొక భాషలో అక్షరమెరిగినవానికే ఈ మెట్లు అందినవి. మగ్గపు గుంటలోనివానికి మొదటిమెట్టు సైతము ఎత్తుగనే యుండెను.

స్వాతంత్ర్యానంతరము సర్కారు ఈ పనికి పూనెను. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజనవిద్యా కార్యక్రమము ప్రారంభమైనది. పదునైదు మొదలు ముప్పదియైదేండ్లవరకు వయసుగల పదికోట్లమందికి ఐదేండ్లలో చదువు చెప్పవలెనని సంకల్పము. సంకల్పము పెద్దది, పని చిన్నది. 1988 మే నెలలో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చి పద్ధతి మార్చెను. జీతపు బోధకునకు బదులు స్వచ్ఛంద బోధకుడు, ఇంచుమించు పదిమందికొకడు. మూడు వాచకములు, రమారమి 200 గంటల బోధన. 1990 ఫిబ్రవరిలో కేరళమునందలి ఎర్నాకులము జిల్లా సంపూర్ణ సాక్షరమైనదని ప్రకటించిరి. మన భాషాప్రాంతమున నెల్లూరు ప్రసిద్ధికెక్కెను. అచ్చట వాచకమునందు తాగుడుచే చెడిన యింటి కథ యొకటి యుండెను. అక్షరములు కూడబలుకుకొనుచు దానిని చదివిన స్త్రీలు, ఇది మా కథయే గదా యనిరి. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణమునకు అడ్డముగ నిలిచిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధమయ్యెను. రోశమ్మగారి పేరు వినని తెలుగువారు అరుదు. ఆ పాఠము వ్రాసినవారికి ఇంతటి ఫలము కలుగునని తోచియుండదు. వారు చేసినది ఒక్కటే: చదువువాని బ్రతుకులోని మాటను చదువువాని ముందు పెట్టిరి.

దూరదేశమున నిట్టిదే జరిగినది. 1963లో బ్రెజిల్ దేశపు అంజికోస్ అను చిన్న పట్టణమున పౌలో ఫ్రెయిరె యను బోధకుడు మూడువందలమంది కూలివాండ్రకు రమారమి నలుబది గంటలలో అక్షరము నేర్పెను. ఆయన వర్ణమాలతో మొదలు పెట్టలేదు. వారి నోట నాడెడు పనిమాటలు ముందుగ సేకరించి, ఇటుక వంటి మాటనొకదానిని బల్లపై వ్రాసి, దానిని విరిచి, ఆ ముక్కలతో వేరుమాటలు కట్టించెను. ఇటుకలు పేర్చువానికి ఇటుకతోనే చదువు.

ఇంతకు మన పాలమూరు జిల్లా స్థితి యేమి? 1991 లెక్కలలో అక్షరాస్యులు నూటికి ముప్పదికి లోపు. 2001లో 44, 2011లో 55. ఇరువది యేండ్లలో పెరుగుదల లేకపోలేదు. కాని 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందలి జిల్లాలన్నిటిలో కడపటిది మనదే. స్త్రీలలో సగముమందికైనను అక్షరము రాలేదు.

1990ల నడుమ నేను స్వచ్ఛంద బోధకుడనుగ పేరిచ్చితిని. మాకు మూడుదినముల శిక్షణ. అది జరిగిన చోటును, చెప్పినవారి పేరును ఇచ్చట అనవసరము. వయోజనులు పిల్లలు కారు, వారిని మాటలాడనీయుడు అని ఒకాయన కాగితము చూచి మూడుగంటలు చదివెను. మేము బల్లలపై చేతులు కట్టుకొని వింటిమి. నడుమ ప్రశ్న యడిగినవానిని కూర్చుండుమనిరి. నాడు నవ్వుకొంటిమి, నేడు తలచుకొన్న, మా చదువు చెడుటకు విత్తనము నాడే పడినదని తోచుచున్నది. రాజధానిలో కొందరు నేర్చి జిల్లావారికి, జిల్లావారు మండలమువారికి, వారు మాకు చెప్పిరి. ఒకే తొట్టిలో మూడవమారు ముంచిన నూలునకు రంగెంత పట్టునో మనకు తెలియనిది గాదు. మాకు వాచకము చేతికి వచ్చినది, కాని దానిని పెద్దమనిషి యెదుట ఎట్లు తెరువవలెనో చూపినవాడు లేడు. ఒక్క పాఠమైనను మాచేత చెప్పించి, తప్పొప్పులు మెల్లగ దిద్దినవాడు లేడు.

అమరచింతలో మా వీధి నడుమ నొక యింటి వసారాలో కేంద్రము. పదునొకండుమంది. అందరిలో పెద్ద యొక యరువదేండ్ల నేతగాడు. ఆయన వయసు సర్కారువారి లెక్కలోనిది గాదు, తనంతట వచ్చెను. వరుసకు నాకు పెదనాయన. ఐదవనాడు ఆయన గుణింతము తప్పు చెప్పగ, నేను గట్టిగ, "అది కాదు పెదనాయనా, మల్ల చెప్పు, మల్ల చెప్పు" అని అందరిముందు మూడుమార్లు చెప్పించితిని. ఆ వరుసలోనే ఆయన కోడలు కూర్చుండియున్నది. మరునాటినుండి ఆయన రాలేదు.

తొమ్మిది దినములకు ఆయన యింటికి పోతిని. గుంటలో కూర్చుండి నేయుచుండెను. నన్ను చూచి పని యాపలేదు. కొంతసేపటికి పడుగులో పోగు తెగెను. "అతుకు" అనెను. నేను సాలెబిడ్డనే గాని పట్నపు చదువు చదివినవాడను. ప్రయత్నింప రెండవ పోగు తెగెను. ఆయన నా బొటనవ్రేలును చూపుడువ్రేలును పట్టి, తడి చేయించి, మెలిపెట్టు రీతి చూపి, మరల నన్నే చేయుమనెను. మూడవమారు అతికినది. అప్పుడనెను: "బిడ్డా, నీవు తెంపిన పోగు సంగతి నేను నలుగుర్ల చెప్పలే. నా తప్పు నీవు నా కోడలి ముంగట చెప్తివి."

మూడుదినముల శిక్షణలో రానిది ఆ గుంటగట్టున వచ్చినది.

అటుపిమ్మట వాచకము మూసి, ఆయననే యడిగి మాటలు తీసికొంటిని. పలకపై మొదట పడుగు అని వ్రాసితిమి. తరువాత పేక. తరువాత కండె. ఈ మూడుమాటలలో ప, డ, గ, క యను నాలుగక్షరములును, కొమ్ము, ఏత్వము, ఎత్వము, సున్న యను గుర్తులును వచ్చినవి. గుర్తులు ప్రక్కకుబెట్టి నాలుగక్షరములనే అటునిటు మార్చిన పడక, పడగ, పగ, గడప, కడప అని యైదు మాటలు. మొదటి రాత్రియే ఐదు మాటలు! గడప చదివినవాడు లేచి తన గడపను చూచెను. కడప చదివినవాడు, అది ఊరుపేరు గదా, అచ్చటికి మా బావ పోయినాడనెను. ఆపై గుర్తులు చేర్చి పాక, కాడి, గోడ, కూడు. అ మొదలు ఱ వరకు వల్లెవేయించిన నెలకుగాని రాని ధైర్యము నాలుగు రాత్రులలో వచ్చెను. వర్ణమాల యనవసరమని నేననుట లేదు. ఇల్లు కట్టిన తరువాత గదుల పేర్లు చెప్పినట్లు, చదువు కొంత వచ్చిన పిదప వర్ణమాల చెప్పితిమి. అప్పుడది వారికి ఆటవలె నుండెను.

తప్పు దిద్దు పద్ధతియు మారినది. ఎవరి పలకపై తప్పున్నదో వారి ప్రక్కన కూర్చుండి నేను ఆ మాటనే నా పలకపై వ్రాసికొందును. వారు చూచి తామే దిద్దుకొందురు. లెక్కల పాఠమునకు పెదనాయనయే గురువు. పుంజముల లెక్క ఆయన నోట చెప్పును, నేను అంకెలలో బల్లపై వ్రాయుదును. పండ్రెండవ యెక్కము మాలో నొక్కరును వల్లెవేయలేదు. అది వారివద్ద ముందే కలదు, వ్రాయుట యొక్కటే క్రొత్త.

కాలము సంగతి యొకటి. సర్కారు పట్టికలో తరగతి ప్రతిరాత్రి యేడునుండి తొమ్మిదివరకు. పెండ్లిళ్ళ కాలమున షావుకారు తొందర పెట్టిన రాత్రి పదింటిదాక మగ్గమాడవలయును. కార్తికమున కురుమూర్తిస్వామి బ్రహ్మోత్సవములు. స్వామికి పట్టువస్త్రములు అమరచింత నేతగాండ్రు నేసియిచ్చుట మన కులమునకు పరంపరగ వచ్చిన గౌరవము. ఆ నెల తరగతిలో చాప పరచుటయే దండుగ. మొదటియేట నేను హాజరుపట్టీ చూచి బాధపడితిని. రెండవయేట ఆ నెల సెలవిచ్చి, జాతర వెళ్ళినవారు దారిలోని బోర్డులపై నేమి చదివిరో వచ్చి చెప్పవలయుననితిని. ఒకామె ఆత్మకూరు బస్సు పేరు తానే చదివి యెక్కితినని చెప్పెను. అంతవరకు బస్సు రంగు జూచియు, ఎక్కువారి నడిగియు ఎక్కెడిదట.

స్త్రీల తరగతి గూర్చి వేరుగ వ్రాయవలసియున్నది గాని చోటు చాలదు. వారికి రాత్రి వీలు లేదు, వంటయు, పిల్లలును. మధ్యాహ్నము కండెలు చుట్టు వేళ చేతులు పనిలో నుండును, చెవులును నోరును ఖాళీ. ఆ వేళ నొక్కరు చదువగ తక్కినవారు విని, చుట్టుట ఆపినప్పుడు పలక పట్టుట యను పద్ధతి మా వీధిలో స్త్రీలే కల్పించుకొనిరి. నేను చెప్పినది గాదు. మగపిల్లవాడు చెప్పునప్పుడు తలవంచుకొని కూర్చుండువారు, తమలో నాలుగవ తరగతి చదివిన కోడలు చెప్పునప్పుడు ఎదురు ప్రశ్నలు వేసిరి. పదవ తరగతి తప్పినవాడు పట్టభద్రునికంటె మంచి బోధకుడగుట నేను రెండు మూడు తావుల చూచితిని. తనకు రానిది నిన్నటివరకు ఎట్లుండెనో వాడు మరువలేదు.

ఆ తరగతి రెండేండ్లు నడచి, సర్కారు నూనె దీపము ఆగినతోడనే ఆగినది. పదునొకండుమందిలో నలుగురు నిలిచి చదువగలవారైరి, ముగ్గురు సంతకము వరకు వచ్చిరి, తక్కినవారు సోలాపురమునకును, భివండికిని వలసపోయిరి. లెక్కలలో పదునొకండును అక్షరాస్యులుగనే వ్రాసికొనిరి. ఇట్టి లెక్కలు చూచి పొంగిపోవలదని సంఘపెద్దలకు నా మనవి. నేర్చిన యక్షరము చదువుటకు కాగితము లేనిచో ఏడాదిలో తుడిచిపోవును. మా నలుగురికి నిలుచుటకు కారణము సహకార సంఘపు పాసుపుస్తకము. నెలకొకమారు దానిని చదువవలసిన యవసరమున్నది, అందు వారి డబ్బున్నది.

ఇప్పుడు 2022 నుండి నవభారత సాక్షరతా కార్యక్రమము, ఉల్లాస్ అను పేర, మరల స్వచ్ఛంద బోధకులనే నమ్మి నడచుచున్నది. పదునైదేండ్లు దాటినవారెల్లరు అర్హులు, పైవయసు హద్దు లేదు, ఇది మంచిపని. నేటి నేతగానికి వేలిముద్ర చిక్కు వేరురూపున వచ్చినది. చేతిఫోనుకు వచ్చిన అంకెలు చదువలేక పొరుగు పిల్లవానికి ఫోను ఇచ్చుచున్నాడు. ఆ యంకెలతో డబ్బెటు పోవునో తెలియదు. నూలు రాయితీయు, చేనేత పింఛనును ఆ ఫోనులోనే వచ్చుచున్నవి. మన సంఘము విద్యార్థి వేతనములకు వెచ్చించు ధనములో కొంత తీసి, వీధికొక బోధకునికి శిక్షణ యిప్పించిన బాగుండును. ఆ శిక్షణ ఉపన్యాసముగ నుండరాదు. మొదటిదినమున ప్రతి బోధకునిచేత తనకు రాని పని యొకటి, పోగు అతుకుటయో, పన్నెలో పోగెక్కించుటయో, ఒక ముసలివానివద్ద నేర్పింపవలయును. రెండవదినమున వాని వీధిలోని పనిమాటలు ఇరువది వ్రాసికొని రావలయును. మూడవదినమున పాఠము చెప్పి చూపవలయును. ఇంతకుమించి నాకు తెలిసినది లేదు.

తాతగారి మడత సంగతి. నా యేబదియైదవ యేట ఆత్మకూరున ఉద్యోగవిరమణ జేసిన యొక ఉర్దూ ఉపాధ్యాయునివద్దకు పోయి, ఈ కాగితము చదివిపెట్టుమని యడిగితిని. ఆయన నవ్వి, "చదివిపెట్టను, నేర్పెదను, మీరే చదువుకొనుడు" అనెను. అలిఫ్ బే లతో మొదలుపెట్టలేదు. కాగితము పరచి, మొదటిపంక్తిలో మా తాతగారి పేరెచ్చటనున్నదో వ్రేలుబెట్టి చూపి, అందలి యక్షరములనే ముందు నేర్పెను. తప్పు చదివినప్పుడు ఆయన మాటలాడెడివాడు గాడు, టీ త్రాగెడివాడు. నాలుగు నెలలు పట్టినది.

కాగితము ఫసలీ 1342 నాటిది. ఎనుబదియైదు హాలీ రూపాయల అప్పు. మడతలో మడతగ నింకొక చీటీ యుండెను. అది ముట్టినట్లు రసీదు. మా తాతగారు ఆ యప్పు తీర్చుటకు రెండేండ్లు షావుకారు మగ్గము మీద నేసినారని మా యింట చెప్పుకొందురు. రసీదు తేదీ, ఆ రెండేండ్లకు ముందుది.